పదును దాటకముందే బిస్మిల్లాహ్

మనల్ని సృష్టించి, మనకు ఊపిరిని, ఉపాధిని, ఆలోచనాశక్తిని ప్రసాదించిన అల్లాహ్‌కు సర్వస్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై, ప్రళయదినం వరకు వారి బాటలో నడిచే వారందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!



నేటి జుమా ప్రసంగంలో మనం ఒక చిన్న విషయాన్ని గురించి ఆలోచిద్దాం. చిన్నదే గాని, మనలో అనేకుల జీవితాలను ఏళ్ళ తరబడి ఒకే చోట నిలిపివేసిన విషయమది. దాని పేరు జంకు. ఒక మంచి పని మొదలుపెట్టాలని మనసులో ఉంటుంది. అది చేయదగినదని తెలుసు. చేయకపోతే నష్టమనీ తెలుసు. అయినా కాలు ముందుకు పడదు. ఈ నెల గడవనిద్దామనుకుంటాం. రంజాన్ నుంచి ఆరంభిద్దామనుకుంటాం. పిల్లల పెళ్ళిళ్ళు అయిన తరువాత చూద్దామనుకుంటాం. రంజాన్ వస్తుంది, వెళుతుంది. పెళ్ళిళ్ళూ అవుతాయి. పని మాత్రం మొదలుకాదు.

సోదరులారా! మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో సేద్యం చేసేవారికి ఈ సంగతి మరొకరు బోధించనవసరం లేదు. మనది నల్లరేగడి నేల. వాన కొరకు ఆకాశం వైపు చూసే నేల. మృగశిర, ఆరుద్ర కార్తెలలో ఒక మంచి వాన కురిస్తే భూమి పదునవుతుంది. ఆ పదును ఎన్నో రోజులు నిలవదు. రైతు తెల్లవారకముందే లేచి, విత్తనం తీసుకుని పొలానికి వెళతాడు. ఆ సమయంలో అతనికి భయం ఉండదా? ఉంటుంది. తరువాతి వాన వస్తుందో రాదో అతనికి తెలియదు. పండిన పత్తిని ఆదోని మార్కెట్ యార్డుకు తీసుకుపోయిన నాడు ఏ ధర పలుకుతుందో తెలియదు. చేసిన అప్పు తీరుతుందో లేదో తెలియదు. ఇన్ని తెలియని విషయాల నడుమ అతనికి తెలిసినది ఒక్కటే. ఈ రోజు నేల పదునుగా ఉన్నది, రేపటికి ఆరిపోతుంది. అందుచేత అతడు బిస్మిల్లాహ్ అని విత్తుతాడు. భయం పోయిన తరువాత విత్తుదామని కూర్చున్న రైతు ఏనాడూ పంట తీయలేడు.

పొలం విషయంలో ఇంత ధైర్యం చూపే మనం, మన ఆత్మ విషయంలో, మన పిల్లల విషయంలో, మన చదువు విషయంలో ఎందుకు వెనుకంజ వేస్తున్నాం?

ఒక సంఘటనను మీతో చెప్పుకోవాలి. ఇది మా బాధ్యతలో జరిగిన లోపం గనుక చెప్పటానికి మాకు సిగ్గుగానే ఉన్నది. అయినా చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం ఉండదు. మేము నమాజు చేయించే మసీదుకు ఒక పెద్దాయన ప్రతి శుక్రవారం వచ్చేవారు. దూదేకుల కుటుంబానికి చెందినవారు. వయసు 50 దాటింది. ఎప్పుడూ చివరి వరుసలో, గోడ పక్కన నిలబడేవారు. సలాం తిప్పగానే అందరికంటే ముందు బయటికి వెళ్ళిపోయేవారు. ఆయనకు తొందర పనులున్నాయేమో అని మేము అనుకున్నాం. ఒకనాడు వర్షం వచ్చి ఆయన మసీదు వసారాలో ఆగిపోయారు. పలకరించాం. మాటల మీద మాట వచ్చి, తల దించుకుని ఆయన ఇలా అన్నారు: "హజ్రత్, ముప్పై ఏండ్ల నుంచి పక్కనోణ్ణి చూసి వంగుతా, పక్కనోణ్ణి చూసి లేస్తా. నోట్లో ఏం చెప్పల్లో నాకు తెలీదు. ఇప్పుడు అడిగితే నవ్వుతారు."

నేర్చుకోవటానికి ఎన్నడూ ప్రయత్నించలేదా అని అడిగాం. ఒకసారి ప్రయత్నించారట. చాలాకాలం క్రితం ధైర్యం చేసి ఒక సాయంత్రం పిల్లలకు చెప్పే పాఠంలో వెనుక కూర్చున్నారట. ఒక అక్షరాన్ని ఆయన తప్పుగా పలికితే పిల్లలు నవ్వారట. పిల్లలు నవ్వటం సహజమే. ఆ పక్కనే కూర్చున్న పెద్దలు కూడా నవ్వారట. ఆ నవ్వు ఆయన్ను ముప్పై ఏళ్ళు చివరి వరుసలో నిలబెట్టింది.

సోదరులారా! ఆదోనిలో 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదును చూసి మనం గర్విస్తాం. దాని రాతి పనితనాన్ని దూరప్రాంతాల నుంచి వచ్చినవారికి చూపిస్తాం. రాతితో కట్టిన మసీదు శతాబ్దాల పాటు నిలిచింది. కాని మన మసీదులలో మన పక్కన నిలబడిన మనిషి నోటిలో సూరె ఫాతిహా ఉన్నదో లేదో మనం ఎన్నడైనా ఆలోచించామా? ఆ లోటు ఆయన ఒక్కరిది కాదు. ఇంటిలో తెలుగు మాట్లాడి, చిన్ననాడే పనిలోకి వెళ్ళి, మదరసా గడప ఎక్కని వారు మన పల్లెలలో అనేకులున్నారు. కోసిగి, మంత్రాలయం, హొళగుంద వైపు నుంచి ప్రతి ఏడూ గుంటూరు మిరప చేలకు సుగ్గికి వెళ్ళే కుటుంబాలలో పిల్లల బడి నడుమనే ఆగిపోతుంది. ఈనాడు మూటలతో పాటు బండి ఎక్కిన పిల్లవాడు రేపు ఆ పెద్దాయన వలె చివరి వరుసలో నిలబడతాడు.

ఇక, జంకును గురించి మన ధర్మం ఏమి చెబుతున్నదో చూద్దాం. మొదట గ్రహించవలసినది ఏమంటే, జంకు కలగటం పాపం కాదు. మహాపురుషులకు సైతం అది కలిగింది.

క్రీ.శ. 610లో హిరా గుహలో తొలి వహీ అవతరించిన రాత్రిని గుర్తు చేసుకోండి. చదవమని దైవదూత ఆదేశించినప్పుడు, తాను చదువరిని కానని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. ఆ తరువాత వణుకుతూ ఇంటికి చేరి, తనకు దుప్పటి కప్పమని కోరారు. తన ప్రాణానికే ఏమవుతుందోనని భయం వ్యక్తం చేశారు. మానవ చరిత్రను మార్చివేసిన మహాకార్యం ఒక దుప్పటి కింద, వణుకుతో ఆరంభమైనది. ఈ విషయాన్ని మన గ్రంథాలు దాచిపెట్టలేదు. ఎందుకు దాచలేదు? భయపడినవారు అల్పులు కారని మనం తెలుసుకోవాలని.

ఆ రాత్రి హజ్రత్ ఖదీజా (రజి) చేసినది గమనించండి. ఆమె నవ్వలేదు. ఇదేమి చిక్కు అని విసుగుకొనలేదు. ముందుగా ఆయనలో అప్పటికే ఉన్న మంచిని గుర్తు చేశారు. బంధువులను ఆదరించేవారు, బలహీనుల భారం మోసేవారు, అతిథులను గౌరవించేవారు మీరు, అటువంటి వారిని అల్లాహ్ అవమానపరచడని ధైర్యం చెప్పారు. పిదప తెలిసినవారైన వరఖా బిన్ నౌఫల్ వద్దకు స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళారు. ధైర్యం చెప్పటం, తెలిసినవారి వద్దకు తీసుకుపోవటం, వెంట నడవటం. ఎవరైనా కొత్త పనికి జంకుతుంటే వారి ఇంటివారు చేయవలసినవి ఈ మూడే.

హజ్రత్ మూసా (అ) విషయమూ అంతే. ఫిరౌను వద్దకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు, తన మాట సాఫీగా రాదనీ, వారు తనను చంపుతారేమోననీ ఆయన తన ప్రభువుకు విన్నవించుకున్నారు. తన హృదయాన్ని విశాలం చేయమనీ, నాలుక ముడిని విప్పమనీ, సోదరుడైన హారూన్ (అ) ను తనకు తోడుగా ఇవ్వమనీ వేడుకున్నారు. అల్లాహ్ ఆయన్ను మందలించలేదు. అడిగినదంతా ప్రసాదించాడు. ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. మూసా (అ) తన లోపాలను ఏకరువు పెట్టినది వెళ్ళకుండా ఉండటానికి కాదు, వెళ్ళటానికి కావలసిన సహాయం కోరటానికి. మనమో, మన లోపాలను లెక్కపెట్టేది ఇంటి వద్ద కూర్చోవటానికి. మాటలు రెండు చోట్లా ఒకటే. ఉద్దేశాలు వేరు.

కాబట్టి విశ్వాసులారా, జంకు రెండు రకాలు. ఒకటి ప్రశ్న అడిగి సమాధానం కొరకు వెదుకుతుంది. ఇది వివేకం. రెండవది ప్రతి సంవత్సరం అదే ప్రశ్న అడుగుతుంది, సమాధానం దొరికినా వినదు. ఇది షైతాను పన్నే వల.

మొదటి రకానికి ఖుర్ఆన్ సంకలన చరిత్ర గొప్ప నిదర్శనం. దైవప్రవక్త (స) క్రీ.శ. 632లో పరమపదించిన కొద్దికాలానికే యమామా యుద్ధం జరిగింది. ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసిన అనేకమంది సహచరులు ఆ యుద్ధంలో వీరమరణం పొందారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెంది, ఖుర్ఆన్‌నంతా ఒకచోట గ్రంథస్థం చేయించవలసిందిగా ఖలీఫా అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) ను కోరారు. ఆయన సంకోచించారు. దైవప్రవక్త (స) చేయని పనిని తాను ఎలా చేయగలనన్నారు. ఆ సంకోచం పిరికితనం కాదు, భక్తి. ఉమర్ (రజి) విసుగు చెందక, ఇది మేలైన కార్యమని మరల మరల నచ్చజెప్పారు. చివరకు అబూబక్ర్ (రజి) హృదయాన్ని అల్లాహ్ ఆ పనికి తెరిచాడు.

అప్పుడు యువకుడైన జైద్ బిన్ సాబిత్ (రజి) ను పిలిపించారు. ఆయన ప్రవక్త (స) వద్ద వహీని వ్రాసిన లేఖకులలో ఒకరు. ఆయనా అదే ప్రశ్న వేశారు. ఒక కొండను ఒకచోటి నుంచి మరొకచోటికి జరపమని ఆజ్ఞాపించినా తనకు అంత భారమనిపించేది కాదని తరువాత చెప్పుకున్నారు. అంత భారమనిపించిన పనిని ఆయన ఎలా చేశారు? ఖర్జూరపు మట్టల మీద, పలుచని రాళ్ళ మీద వ్రాసి ఉన్న భాగాలను, మనుషుల హృదయాలలో నిలిచి ఉన్న వాక్యాలను ఒక్కొక్కటిగా వెదకి, సరిచూసి, కూర్చారు. కొండను ఎవరూ ఒక్కసారిగా ఎత్తలేరు. రాయి తరువాత రాయి తీయాలి. ఈనాడు మన ఇళ్ళలో గుడ్డ చుట్టి ఎత్తైన చోట పెట్టుకునే ఖుర్ఆన్ వెనుక ముగ్గురు మహనీయుల చర్చ, ఇద్దరి సంకోచం, ఒక యువకుని ఓపిక ఉన్నాయి. వారు సంకోచం వద్దనే ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

సోదరులారా! ఇది ధర్మకార్యాలకే పరిమితమైన విషయం కాదు. జీవనోపాధి విషయంలోనూ ఇంతే. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో ఉన్నదంతా వదలి మదీనాకు చేరారు. ప్రవక్త (స) ఆయనకూ, మదీనా వాసియైన సఅద్ బిన్ రబీ (రజి) కీ మధ్య సోదర బంధం కలిపారు. సఅద్ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయనకు శుభం కోరి, బజారుకు దారి చూపమని మాత్రం అడిగారు. కొత్త ఊరు, కొత్త మనుషులు, చేతిలో పెట్టుబడి లేదు. ఆ బజారులో నెయ్యి, ఎండిన పెరుగు వంటి చిన్న సరుకులతో వర్తకం మొదలుపెట్టారు. కాలక్రమంలో మదీనాలోని గొప్ప ధనవంతులలో ఒకరై, విశేషంగా దానధర్మాలు చేశారు. ఆయన సఅద్ (రజి) ను సంపద అడగలేదు, దారి అడిగారు. దారి అడగటంలో అవమానం లేదు.

మన ప్రాంతపు అనుభవమూ ఇదే చెబుతున్నది. దూదేకులవారు తరతరాలుగా దూది ఏకి బ్రతికినవారు. విల్లు వంటి పనిముట్టు నరాన్ని మీటుతూ, ఇల్లిల్లూ తిరిగి పరుపులు, దిండ్లు కుట్టి పెట్టేవారు. యంత్రాలు వచ్చి ఆ విల్లు మూలన పడిన రోజున ఆ కుటుంబాల ముందు చీకటి నిలిచింది. తండ్రి నేర్పిన పని పోయింది, కొత్త పని చేతికి రాలేదు. అయినా కుట్టుమిషను ముందు కూర్చున్నవారున్నారు, తోపుడుబండి పట్టుకున్నవారున్నారు, పిల్లలను చదివించి ఉద్యోగాలకు పంపినవారున్నారు. వారందరికీ మొదటి రోజు చేతులు వణికే ఉంటాయి.

ఎమ్మిగనూరును చూడండి. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత కార్మికుల సహకార సంఘాన్ని స్థాపించారు. నూలు కొరకు, కూలి కొరకు ఇతరుల గడప వద్ద నిలబడే నేతగాళ్ళకు, మనమంతా కలిసి మన సంఘాన్ని మనమే నడుపుకుందామన్న మాట ఆనాడు కొత్త మాట. ఒంటరి మగ్గానికి లేని బలం కలిసిన మగ్గాలకు వచ్చింది. ఎమ్మిగనూరు చేనేత పేరు దూరదేశాలకు వ్యాపించింది. సోమప్ప గారిని ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. తరువాతి కాలంలో చేనేతకు కష్టాలు వచ్చిన మాట వాస్తవమే. ఆరంభించిన ప్రతి పనీ ఎల్లకాలం ఒకే తీరున సాగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని ఆ ఆరంభం వలన ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. ఆ మేలు మేలుగానే నిలిచి ఉంటుంది. మంచి ఎవరు ప్రారంభించినా దాని నుంచి పాఠం నేర్చుకోవటం విశ్వాసి లక్షణం.

మగ్గం మరొక పాఠం కూడా చెబుతుంది. నేత మొదలుకాకముందు పడుగు సిద్ధం చేయాలి. నూలుకు గంజి పట్టించాలి, పోగులు సరిచేయాలి, తెగినవాటిని అతకాలి. అది వృథా కాలం కాదు, పనిలో భాగమే. అయితే పడుగునే సరిచేస్తూ నెలలు గడిపితే గుడ్డ తయారుకాదు. ఒక దశలో నాడె విసరాలి, మొదటి పేక పడాలి. సిద్ధపడటానికీ వాయిదా వేయటానికీ ఉన్న తేడా ఇదే.

మరి మనం ఏమి చేయాలి? మన ధర్మం చూపిన క్రమం చాలా సరళమైనది.

మొదటిది, సంప్రదింపు. తెలిసినవారిని అడగండి. సంప్రదించి, నిశ్చయించుకున్న తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దివ్యఖుర్ఆన్ ప్రవక్త (స) కే ఉపదేశించింది. నిశ్చయం తరువాత తడబాటుకు చోటు లేదు. అలాగే, అల్లాహ్‌పై భారం వేయటమంటే చేతులు కట్టుకుని కూర్చోవటం కాదు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌ను నమ్ముకోమని ప్రవక్త (స) బోధించారు. అప్పు చేసి కొత్త వ్యాపారం పెట్టేవారు లెక్కలు చూసుకోవాలి. అది భయం కాదు, ఒంటెను కట్టటం.

రెండవది, ఇస్తిఖారా. వ్యాపారం, ప్రయాణం, పెళ్ళి సంబంధం వంటి విషయాలలో రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, మేలైన దారి చూపమని అల్లాహ్‌ను వేడుకోవాలి. ఖుర్ఆన్ సూరాలు నేర్పినంత శ్రద్ధగా ప్రవక్త (స) సహచరులకు ఈ దుఆ నేర్పేవారు. అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. విధిగా చేయవలసిన పనులకు ఇస్తిఖారా లేదు. నమాజు నేర్చుకోవాలా వద్దా, బాకీ తీర్చాలా వద్దా, అలిగిన అన్నదమ్మునితో మాట్లాడాలా వద్దా అన్న విషయాలలో సమాధానం ఎప్పుడో వచ్చేసింది. అక్కడ ఇంకా ఆలోచిస్తున్నామనటం తప్పించుకోవటమే.

మూడవది, చిన్నదిగా మొదలుపెట్టి విడవకుండా చేయటం. కొద్దిపాటిదైనా నిత్యం సాగే కర్మే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని ప్రవక్త (స) తెలియజేశారు. రోజుకు ఒక వాక్యం నేర్చుకున్నా వారం రోజులలో సూరె ఫాతిహా పూర్తవుతుంది. దానిలో ఉన్నవి ఏడే వాక్యాలు. ముప్పై ఏళ్ళ సిగ్గుకు ఏడు రోజుల మందు! ఇంత దగ్గరలో ఉన్నదాన్ని మనం ఎంత దూరం చేసుకున్నాం!

నాలుక తిరగదని బాధపడే పెద్దలకు ఒక శుభవార్త. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యఫలాలు ఉన్నాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. చదివినందుకు ఒకటి, కష్టపడినందుకు ఒకటి. మనుషులు నవ్వే తడబాటుకు అల్లాహ్ వద్ద రెట్టింపు వెల ఉన్నది. ఇక ఉర్దూ రాదు, అర్థం తెలియదు అన్న మాటకు నేడు తావు లేదు. అనంతపురం కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు ఎన్నో దశాబ్దాల క్రితమే ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. ముస్లిమేతరులైన ఒక తెలుగు పండితుడు అంత పెద్ద పనికి పూనుకున్నారు. ఆ తరువాత మరెన్నో అనువాదాలు వచ్చాయి. మన మాతృభాషలో అర్థం తెలుసుకోవటానికి మనకేమి అడ్డు?

విశ్వాసులారా! ఇంతవరకు జంకేవారితో మాట్లాడాం. ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్నవారితో ఒక మాట. ఇందులో మేమూ ఉన్నాం.

కొత్తగా ఇస్లాం స్వీకరించిన ముఆవియా బిన్ హకమ్ (రజి) ఒకసారి ప్రవక్త (స) వెనుక నమాజులో నిలబడి ఉన్నారు. పక్కన ఎవరో తుమ్మితే, నమాజులో మాట్లాడరాదని తెలియక ఆయన పైకే దీవెన పలికారు. అందరూ ఆయన వైపు కోపంగా చూశారు. తొడలు చరిచి ఆయన్ను ఊరుకోబెట్టారు. నమాజు ముగిసిన తరువాత ప్రవక్త (స) ఆయన్ను కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో లోక సంభాషణ తగదని, అది దైవస్తుతికీ ఖుర్ఆన్ పఠనానికీ ఉద్దేశించినదని మృదువుగా తెలియజేశారు. అంతకు ముందు గాని తరువాత గాని అంత చక్కగా బోధించిన గురువును తాను చూడలేదని ఆ సహచరులు జీవితాంతం చెప్పుకున్నారు.

మన మసీదులో ఆ పెద్దాయన చూసినది ఈ పద్ధతి కాదు. తప్పు దిద్దటం మన బాధ్యతే. కాని నలుగురిలో దిద్దితే అవమానమవుతుంది, పక్కకు పిలిచి దిద్దితే ఉపకారమవుతుంది. ఒక వ్యక్తి ఎంతో కష్టం మీద మొదటి అడుగు వేసినప్పుడు మన పెదవుల మీద కనిపించే చిన్న నవ్వు ఆయన్ను ఎన్ని ఏళ్ళు వెనుకకు నెట్టగలదో మనకు ఇప్పుడు తెలిసింది. ఆ లెక్క మనం అల్లాహ్ ముందు అప్పజెప్పవలసి ఉంటుంది.

ఆ వర్షం రోజున ఏమి జరిగిందో చెప్పి ముగిస్తాం. వాన తగ్గేవరకు కూర్చున్నాం. మొదటి వాక్యాన్ని ఆయన మా వెంట పలికారు. పదిసార్లు పలికినా ఒక అక్షరం సరిగా రాలేదు. పదకొండవసారి వచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆ తరువాత రాత్రి ఇషా నమాజు అయ్యాక, అందరూ వెళ్ళిపోయిన పిదప వచ్చేవారు. సుగ్గికి వెళ్ళవలసి వచ్చి నడుమ రెండు నెలలు ఆగిపోయింది. తిరిగి వచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆయన పఠనంలో లోపాలున్నాయి. కాని పక్కవానిని చూసి వంగటం మానివేశారు. ఆయన అనుమతి తీసుకునే ఈ మాటలు మీ ముందు ఉంచుతున్నాం. తన వంటివారు ఇంకా ఉన్నారనీ, వారికి చెప్పమనీ ఆయనే అన్నారు.

కనుక సోదరులారా, ఈ ఆదివారం నుంచి ఇషా నమాజు తరువాత 20 నిమిషాలు పెద్దల కొరకు పాఠం జరుగుతుంది. పిల్లలు ఉండరు, చూడవచ్చేవారు ఉండరు, పేర్లు వ్రాసుకోవటం ఉండదు. అలిఫ్ నుంచి మొదలుపెట్టదలచినవారు అలిఫ్ నుంచే మొదలుపెట్టవచ్చు. స్త్రీలకు తెలిసిన సోదరీమణులు ఇళ్ళ వద్ద నేర్పుతారు. సుగ్గికి వెళ్ళేవారు వెళ్ళేముందు తమ పిల్లలను ఇక్కడి బంధువుల వద్ద గాని, ప్రభుత్వ వసతిగృహంలో గాని ఉంచే విషయమై మసీదు పెద్దలతో మాట్లాడండి. ఈ మాట అడగటానికి జంకవద్దు. చిన్నపిల్లలకు నాలుగేళ్ళు దాటగానే బిస్మిల్లాహ్ వేడుక చేసి తొలి అక్షరం పలికిస్తాం. పెద్దలకు ఆ వేడుక చేయకూడదని ఎక్కడా లేదు. నేల ఇంకా పదునుగానే ఉన్నది. మన ఊపిరి ఆడుతున్నంతవరకు అది ఆరదు. ఆ ఊపిరి ఎప్పటివరకో ఏ ఒక్కరికీ తెలియదు.

ఓ అల్లాహ్! మా హృదయాలలోని జంకును తొలగించు. మేలైన పనికి మా కాళ్ళను ముందుకు నడిపించు. తెలియనిది అడగటానికి మాకు వినయాన్ని, అడిగినవారికి నేర్పటానికి మాకు మృదుత్వాన్ని ప్రసాదించు. మా పొలాలకు సకాలంలో వానలు కురిపించు. ఉపాధి కొరకు ఇల్లు విడిచి వెళ్ళే మా సోదర సోదరీమణులను, వారి పిల్లలను కాపాడు. మేము ఆరంభించిన సత్కార్యాలలో స్థిరత్వాన్ని ప్రసాదించు. మా తడబాటును స్వీకరించు. ఆమీన్.